కంట్రోల్ నాది

జూలై 9
అక్షరాలు కుదురుగా రావడం లేదు.

జోరువానలో విమానం దిగుతోంది. నడుపుతున్నది పెద్దాయన. కెప్టెన్. నాకు ఈ పని నేర్పింది ఆయనే. నేను కో-పైలట్‌ని. దిగాలా, మళ్లీ పైకి లేవాలా తేల్చుకోవాల్సిన ఎత్తుకి వచ్చేశాం. రన్‌వే కనబడిందన్నారు. నాకు అద్దం మీద వాన తప్ప ఏమీ కనబడలేదు. గో-అరౌండ్, పైకి లేపండి అన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. బొమ్మలా కూర్చున్నారు. నేల మీదికొచ్చేస్తోంది. “కంట్రోల్ నాది” అని అరిచి, పవర్ మొత్తం ఇచ్చి పైకి లేపేశాను. ఆయన చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

వేరే ఊళ్లో దిగాం. ఆలస్యమైందని ప్రయాణికులు తిట్టుకుంటూ వెళ్లారు.

జూలై 10
ఎంక్వయిరీ వేశారు. ఇద్దరినీ డ్యూటీలోంచి తప్పించారు.

జూలై 11
అమ్మకి చెప్పాను. విమానంలో పెద్ద ఎవరే అంది. కెప్టెన్ అన్నాను. మరి పెద్దాయన చేతిలోంచి లాక్కోవచ్చా అంది. లాక్కోకపోతే చచ్చేవాళ్లం అన్నాను. తోముతున్న గిన్నె పక్కన పెట్టి, అయితే లాక్కో, అంది.

జూలై 14
వచ్చే ఏడు ఆయన రిటైర్మెంట్. చివరి మాట కెప్టెన్‌దే, చివరి నింద కూడా కెప్టెన్‌దే అని మాకు పాఠం చెప్పింది ఈయనే. ఈ మచ్చతో ఆయన్ని ఇంటికి పంపడానికి నాకు మనసొప్పడం లేదు. కాక్‌పిట్ మాటల రికార్డర్‌లో, రన్‌వే కనబడిందన్న తర్వాత ఆయన గొంతు లేదు. సైగ చేశారంటే కాదనేదెవరు?

జూలై 15
ఎంక్వయిరీలో చెప్పేశాను. పైకి లేపమని కెప్టెన్‌గారే చేత్తో సైగ చేశారు, నేను పాటించానంతే అని.

ఆఫీసర్లు ముఖాలు చూసుకున్నారు. ఒకావిడ నెమ్మదిగా, మీ కెప్టెన్ నిన్ననే వచ్చి వెళ్లారమ్మా అంది. రన్‌వే కనబడకుండానే కనబడిందన్నాననీ, ఆ తర్వాత చేతులూ నోరూ ఆడలేదనీ చెప్పారట. ఆ అమ్మాయి లాక్కోకపోతే ఎవరమూ మిగిలేవాళ్లం కాదు, తప్పు నాదే అన్నారట.



జూలై 22
కంట్రోల్ తీసుకున్నందుకు మెచ్చుకున్నారు. అబద్ధం చెప్పినందుకు ఆరు నెలలు సస్పెండ్ చేశారు. పెద్దాయన ఇక ఎగరరు.

జూలై 23
ఆయన ఫోన్ చేశారు. గాల్లో నన్ను నమ్మకపోవడమే మంచిదైంది, నేల మీదైనా నమ్మాల్సింది కదమ్మా, అన్నారు.

కోపంగా కాదు.