మా ఇంటికి ఫోటోలు తీసిన అమ్మాయి

ఆగస్టు 2, శనివారం

ఈ వారం కూడా ఎవరూ రాలేదు. ఫ్లాట్ అమ్మకానికి పెట్టాక ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి. మా ఆయన ప్రసాద్ తన ఫోన్‌తో తీసిన ఫోటోలే ఇంకా సైట్‌లో ఉన్నాయి. ఒకదాంట్లో ఆరేసిన నా నైటీ. ఇంకోదాంట్లో పాప కాలు.

ఏజెంట్ ఫోన్ చేశాడట. "ఇల్లు బాగానే ఉంది సార్, ఫోటోలే దాన్ని చంపేస్తున్నాయి. పనొచ్చిన వాళ్ళతో తీయించండి." ప్రసాద్ వెంటనే సరే అన్నాడు. ఆయన ఆఫీసు బెంగుళూరు అవతలి కొసన, హెబ్బాళ దాటాక. ఈ కొసనున్న మా చందాపుర నుంచి పోవడానికి రెండు గంటలు, రావడానికి ఇంకాస్త ఎక్కువే. ఇల్లు అమ్మి అటువైపు కొనాలని ఏడాదిగా ఒకటే పాట.

ఎవరూ రాకపోతే నాకేం దిగులు లేదు. నా ల్యాబ్ ఇక్కడే, నడిచి వెళ్ళేంత దూరం. పొద్దున్నే వెళ్ళి రక్తాలు తీసి, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాను. ఈ మాట ఈ పేజీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 3, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర నిలబడి ఉంది ఆ ఫోటోగ్రాఫర్. ఎవరో మీసాలాయన వస్తాడనుకున్నా. పాతికేళ్ళ పిల్ల. భార్గవి. బెంగుళూరులోనే పుట్టిన తెలుగమ్మాయి.

చెప్పులు విప్పి, గది గదీ తిరిగి, కిటికీలన్నీ తెరిచి చూసింది. "బాగుండాది అక్కా ఇల్లు. మీరే దీన్ని కప్పి పెట్టినారు."

నేను కప్పి పెట్టానట.

తర్వాత మొదలుపెట్టింది. సోఫా ఆ గోడకి జరపాలి. చెప్పుల స్టాండ్ కనపడకూడదు. బాల్కనీలో వాషింగ్ మెషిన్ అట్టపెట్టె, విరిగిన సైకిల్, ఎండిపోయిన కుండీలు... అన్నీ పోవాలి. సింకు కుళాయి కారుతోంది, మార్చాలి. "కారే నీళ్ళు ఫోటోలో కనబడవు గానీ సార్, చూసేదానికి వచ్చినోళ్ళకి వినబడుతుంది."

ప్రసాద్ ప్రతిదానికీ తల ఊపాడు. "అవునండీ. నిజమేనండీ." నాతో ఏనాడైనా అలా తల ఊపాడా?

సాయంత్రం

ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు మూసుకుని పడుకునే మనిషి ఇవాళ పడుకోలేదు. వానలోనే పోయి కుళాయి కొనుక్కొచ్చాడు. బాల్కనీ మొత్తం ఖాళీ చేశాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, ఈల కూడా వేస్తున్నాడు.

ఆ కుళాయి కోసం నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. పాప యూకేజీలో ఉన్నప్పటి నుంచి. ఇప్పుడు అది మూడో క్లాసు.

ఆగస్టు 5

భార్గవి వాట్సాప్ ఫోటో చూశాను. కెమెరా కంటికి ఆనించుకుని ఉంది, సగం మొహమే కనిపిస్తోంది. ఆ సగం బాగుంది.

ఆగస్టు 6, బుధవారం

రేపు ఫోటోలు. ఆ పిల్లకి శని, ఆదివారాలు ఖాళీ లేదట. ప్రసాద్ సెలవు పెట్టాడు.

నాకు డెంగ్యూ వచ్చినప్పుడు పెట్టలేదు. "ఆఫీసులో రిలీజ్ ఉంది సుజీ, అమ్మని రమ్మందామా?" అన్నాడు అప్పుడు.

ఆగస్టు 7, గురువారం

ల్యాబ్ నుంచి తొందరగా వచ్చేశాను. నీలం చుడీదార్ వేసుకున్నా. ఎందుకో నాకే తెలుసు.

వచ్చేసరికే వాళ్ళిద్దరూ నా ఇంటిని సగం విప్పేశారు. ఫ్రిజ్ మీద మాగ్నెట్లు లేవు. పాప బొమ్మలు సంచిలోకి. బైబిల్ వాక్యం క్యాలెండర్ తీసేశారు. దాని పక్కన మా పెళ్ళి ఫోటో... ప్రసాద్ స్టూలెక్కి దింపుతున్నాడు. కింద ఆ పిల్ల చేతులు చాచి అందుకుంటోంది.

"అది కూడానా?" అన్నాను.

"కోపం చేసుకోవద్దక్కా. కొనేవాళ్ళు మిమ్మల్ని చూసేదానికి రారు గదా. వాళ్ళని వాళ్ళు చూసుకునేదానికి వస్తారు. గోడ మీద మీరు ఉంటే వాళ్ళకి చోటు ఉండదు."

సరైన మాటే. సరైన మాట కాబట్టే ఒళ్ళు మండింది.

పెళ్ళి ఫోటో, దేవుని వాక్యం — రెండూ మంచం కిందకి పోయాయి.

సంచిలోంచి గాజు గిన్నె తీసింది. దాన్నిండా నిమ్మకాయలు పోసి వంటింటి గట్టు మీద పెట్టింది. మా ఇంట్లో నిమ్మకాయలెప్పుడైనా గిన్నెలో కూర్చున్నాయా? ఫ్రిజ్ అడుగున ముడతలు పడి దొరుకుతాయి.

వంటింట్లో తీస్తున్నప్పుడు నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. "అక్కా, ఫ్రేమ్‌లో పడతా ఉండారు. స్వల్ప జరగండి." జరిగాను. హాల్లోకి పోయాను. అక్కడా పడ్డాను. చివరికి బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి చూశాను, నా ఇంటిని.

నాలుగింటికి మబ్బు విడిచింది. "సార్, బేగ రండి," అని కేకేసింది. ఇద్దరూ బాల్కనీలోకి పరుగెత్తారు. ఎండ కటకటాల్లోంచి హాలు మధ్య దాకా వచ్చింది. రోజూ వచ్చేదే. ప్రసాద్ మాత్రం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఎండనా, ఆ పిల్లనా — నేనున్న చోటునుంచి తెలియలేదు.

టీ ఇచ్చాను. ఆమె గ్లాసులో చక్కెర వేయలేదు. తాగేసింది. 

ఆగస్టు 10, ఆదివారం

ఫోటోలు వచ్చాయి. పాప టాబ్‌లో చూసి అడిగింది, "అమ్మా, ఈ ఇల్లు మనమెందుకు కొనుక్కోకూడదు?"

ప్రసాద్ పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వంటింట్లో ఒక్క జిడ్డు మరక లేదు. ఆ మంచం మీద ఎవరూ అలిగి అటు తిరిగి పడుకోలేదు. ఆ బాల్కనీలో ఒక కుర్చీ, ఒక పుస్తకం, ఎండ. అక్కడ ఉండే ఆడమనిషి ఎవరో గానీ ఆమెకు తీరిక ఉంది. ఆమె మొగుడు ఆమె మాట వింటాడు.

ఫోటోలోని నా ఇంటిని చూసి నేను కుళ్ళుకుంటున్నాను. ఇదేం రోగం?

పెళ్ళి ఫోటో మళ్ళీ తగిలించమన్నాను. "ఇప్పుడు వరసగా చూడ్డానికి వస్తారు గదా, ఉండనీ" అన్నాడు.

ఆగస్టు 11

నిజంగానే ఫోన్లు మొదలయ్యాయి. ప్రసాద్ ఆఫీసు నుంచి మెసేజ్: 'భార్గవి మ్యాజిక్ చేసింది!' ఆ పేరు పక్కన ఆశ్చర్యార్థకం కూడా.

నేను బొటనవేలు పంపాను.

ఆగస్టు 12, మంగళవారం

ఆయన ఫోన్ చార్జింగ్‌లో ఉంటే చూశాను. పేజీ కాబట్టి చెప్తున్నా. కాల్స్‌లో భార్గవి. నిన్న, మొన్న, అటు మొన్న. మాట్లాడింది ఏమిటో ఫోన్‌లో ఉండదు కదా.

ల్యాబ్‌లో ఒక పెద్దాయనకి నరం దొరక్క రెండుసార్లు గుచ్చాను. ఎప్పుడూ అలా జరగదు.

ఆగస్టు 13, బుధవారం

మధ్యాహ్నం బెల్ మోగింది. భార్గవి. గాజు గిన్నె మరిచిపోయిందట. ఒక్కతే వచ్చింది. చేతిలో హెల్మెట్, మొహమంతా చెమట.

గిన్నె ఇచ్చి పంపేయొచ్చు. కూర్చోమన్నాను. ఈసారి టీలో చక్కెర వేశాను. చెంచా తిప్పుతూ నిలబడ్డాను. చివరికి అడిగేశా.

"మా ఆయన నీకు ఫోన్ చేస్తుంటాడా?"

తడబడుతుందేమోనని కళ్ళలోకే చూశాను. లేదు.

"చేస్తారక్కా. దినామూ ఒక మారన్నా."

"ఏమని?"

"ఎంతమంది చూసినారు, ఎవరన్నా అడిగినారా, ఇంకా బాగా తీస్తే తొందరగా పోతుందా అని. నేను ఫోటో తీసేదాన్నే గదా, ఏజెంటును అడగండి సార్ అంటే వినరు." టీ ఊదుకుంది. "సార్‌కి ఈడినుంచి పోవాలని శానా ఆత్రంగా ఉండాదక్కా. నేను ఇన్ని ఇండ్లు తీసినాను, ఇట్ల ఎవరూ అడగలేదు."

అంతేనా, అని ఊపిరి పీల్చుకోవాలి. పీల్చుకున్నాను కూడా. ఒక్క నిమిషం. తర్వాత అర్థమైంది. ఈల, కుళాయి, వానలో తడవడం, ఏదీ ఆ పిల్ల కోసం కాదు. వెళ్ళిపోవడం కోసం. ఆమె మీద మనసు పడి ఉంటే పోట్లాడటానికి ఎదురుగా ఒక మనిషైనా ఉండేది.

పోయేముందు హాలంతా ఒకసారి చూసింది. "మాది మడివాళ అక్కా, మార్కెట్ వెనక. కిటికీ తీస్తే పక్కింటోళ్ళ గోడ. ఇట్లాంటి ఇండ్లు తీసి ఇంటికి పోయిన దినం మా యమ్మ మీద ఊరికే విసుక్కుంటాను." నవ్వింది. "మీకేమక్కా."

నాకేమిటో ఆమెకి చెప్పలేదు. మెట్ల దాకా వెళ్ళి పంపించాను. ఇన్నాళ్ళూ తిట్టుకున్న పిల్ల. జడ చివర రబ్బరుబ్యాండు ఊడిపోతుంటే చెప్పాలనిపించింది, చెప్పాను.

ఆగస్టు 15

సెలవు. ప్రసాద్ పగలంతా నిద్ర. నేను ఇంట్లో చప్పుడు కాకుండా తిరిగాను. కుళాయి కారడం లేదు. ఆ నిశ్శబ్దం బాగుంది... బాగుందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఇల్లు చూడటానికి భార్యాభర్తలు వచ్చారు. అనంతపురం వాళ్ళు. ఆయనకి అత్తిబెలెలో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఆమె పేరు కవిత. కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి.

"ఫోటోలో ఎట్లుండాదో అట్లనే ఉండాదే," అంది ఆమె గుమ్మంలోనే. తిన్నగా బాల్కనీలోకి పోయి, ఎవరినీ అడక్కుండా కుర్చీలో కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. అలసిపోయి ఉంటుంది, అడగాల్సిన పనేముంది. అయినా నాకు కడుపు మండింది. ఆ కుర్చీ ఫోటోల కోసం అక్కడికి వచ్చి పది రోజులే అయింది. నేనింకా ఒక్కసారి కూడా అలా కాళ్ళు చాపలేదు.

వంటింట్లో కొత్త కుళాయి తిప్పి చూసింది. "నీళ్ళు బాగా వస్తాయి." వాళ్ళాయనతో మెల్లగా అంది, "ఈడ తులసి పెట్టుకోవచ్చప్పా." నా ఎండలో. ఆయన తల ఊపాడు. అందరి మొగుళ్ళూ ఊపుతారు, ఇల్లు కొత్తదైతే.

వాళ్ళకి నచ్చింది. అడ్వాన్సు ఎప్పుడు తెమ్మంటారో చెప్పండి అన్నారు. ప్రసాద్ నా వైపు చూశాడు. "పాపకి హోంవర్క్ ఉంది" అని లోపలికి వచ్చేశాను. పాపకి ఏ హోంవర్కూ లేదు.

వాళ్ళు వెళ్ళాక

అనేశాను. అన్నీ.

"నేను చెప్తే కారే కుళాయి, ఆ అమ్మాయి చెప్తే ఒక్క పూటలో ఆగిపోయింది. నేనడిగితే లేని సెలవు కెమెరా కోసం దొరికింది. వచ్చేవాళ్ళ కోసం ఇల్లు తుడిచావు. ఉన్నవాళ్ళం కనపడలేదా?"

అరుస్తాడనుకున్నా. అరవలేదు. సోఫా అంచున కూర్చున్నాడు. తర్వాత —

"అమ్మేస్తున్నామంటే చేయబుద్ధయింది సుజీ. ఉన్నన్నాళ్ళూ రేపు చేద్దాంలే అనిపించేది. ఎందుకో తెలీదు."

"నాకు తెలుసు. నీకీ ఇల్లు ఇష్టం లేదు."

"నేనీ ఇంటిని చూస్తే గదా ఇష్టపడటానికి." ఆ మాట అని బాల్కనీ వైపు తిరిగాడు. "తెల్లారకముందు పోతాను. పాప పడుకున్నాక వస్తాను. శనివారం కూడా అంతే. ఆదివారం ఒళ్ళు తెలియదు. మన హాల్లోకి అంత ఎండ వస్తుందని ఆ ఫోటోల రోజే తెలిసింది నాకు. ఆరేళ్ళు ఈఎంఐ కట్టాను. ఆ రోజు నిలబడి చూస్తే... ఇది రోజూ నీకు దొరుకుతోందా అనిపించింది. నిజం చెప్పనా? నీ మీద కుళ్ళుకున్నాను."

నేనూ రెండు వారాలుగా కుళ్ళుకుంటున్న సంగతి ఆయనకి చెప్పలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే రోగం పెట్టుకుని...

"మరి అటు పోతే?" అన్నాను. "నా ల్యాబ్?"

"అక్కడా ల్యాబ్‌లుంటాయి."

"అక్కడ నన్నెవరు తీసుకుంటారు? దొరికేదాకా ఇక్కడికే రావాలి. తెల్లారకముందు నేను బయల్దేరాలి."

ఆయన లేచి బాల్కనీ తలుపు మూశాడు. 

ఆగస్టు 18

కవిత మెసేజ్. 'అక్కా, బాల్కనీలో కుర్చీ కూడా ఇచ్చేసి పోతారా?' రెండు నవ్వులు.

ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆగస్టు 19

కవిత మంచిదే. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకు వేరే కారణం దొరకడం లేదు.

ఆగస్టు 20, బుధవారం

మూడున్నరకి తలుపు తీసుకుని ప్రసాద్ లోపలికి వచ్చాడు. ఒంట్లో బాగాలేదా అని కంగారు పడ్డాను. ఒంటిపూట సెలవు పెట్టాడట.

"ఎందుకు?"

"ఊరికే. మళ్ళీ ఒకసారి చూద్దామని."

బాల్కనీలో కుర్చీలో కూర్చున్నాడు. నాలుగైంది. మబ్బు. ఎండ రాలేదు. "రోజూ రాదా?" అని అడిగాడు, పాప అడిగినట్టు. వానాకాలం కదా, చెప్పలేం అన్నాను. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి నిద్రపోయాడు. మెడ పక్కకి వాలిపోయి, షూ కూడా విప్పకుండా. సన్నగా జల్లు పడుతోంది. కాళ్ళ దగ్గర గచ్చు తడుస్తోంది. లేపలేదు. ఈ వెలుతురులో ఆయన నిద్రపోవడం నేనూ ఇంతకుముందు చూడలేదు. చెవుల మీద జుట్టు తెల్లబడింది. ఎప్పుడు?

ఈ ఇంట్లో పగలు ఒకరికే సరిపోతుంది. ఆరేళ్ళు నేను తీసుకున్నాను. ఇక నీ వంతు అనాలంటే నోరు రావడం లేదు. నీకివ్వను అనాలన్నా రావడం లేదు.

టీ చల్లారిపోతోంది. భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నా. ఆయన ఫోన్ నా పక్కనే ఉంది, మోగుతోంది. కవిత వాళ్ళాయన. అమ్మేదీ లేనిదీ ఇవాళ చెప్తామన్నాం.

ఆగిపోయింది.

మళ్ళీ మోగుతోంది. ఆయన కదిలాడు, లేవలేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.