నర్సన్న నిలబడే చోటు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. మన మిల్లు క్రికెట్ టీములో వికెట్ కీపర్ నర్సన్నకు ఇంకో ఏడాది కాంట్రాక్టు ఇవ్వాలా వద్దా అని పొద్దున కమిటీ కూర్చుంది. ఈ మధ్య ఆయన సులువైన క్యాచులే వదిలేస్తున్నాడు. చివరి మాట నాదన్నారు. వద్దన్నాను.

నర్సన్న కోపగించుకోలేదు. గ్లవ్స్ బల్ల మీద పెట్టి, "కొలువు కోసం అడగలే రాజన్నా. ఆడ నిలబడ్తే మీ తమ్ముడు బాల్ పట్టుకొని ఉరికొస్తున్నట్టే కనిపిస్తడు" అన్నాడు.

నీ బౌలింగంతా నేను బౌండరీ దగ్గర కూర్చుని పక్క నుంచే చూశాను. పరుగెత్తుకొచ్చే నీ ముఖాన్ని రోజూ ఎదురుగా చూసింది ఆయనే.

సాయంత్రం మన టీము ఆడే చిద్రి మైదానానికి వెళ్లి ఆయన చోట నిలబడ్డాను. చాలాసేపు చూశాను తమ్ముడూ. నాకు కనిపించలేదు.