ముందు నీళ్ల సంగతి సూడు

చిన్నా,

రేపు నీ సంవత్సరీకం. నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను. భూమి కింద ఇళ్లు కట్టి మనుషులను కాపాడే ఆట ఒకటి నీ ఫోనులో ఉందిగా, అన్నం ఉడికేలోపు రోజూ దాన్ని నేనే ఆడుతున్నాను. ఆడమనిషినీ మగమనిషినీ ఒకే గదిలో ఉంచితే కాసేపటికి ఆమె కడుపుతో కనిపిస్తుంది. సిగ్గుపడుతూనే జనాన్ని పెంచాను. మొదట పుట్టిన మగపిల్లాడికి అక్షరాలు వెతుక్కుని నీ పేరే పెట్టాను. పోయినవాళ్ల పేరు పెట్టడం మన ఇంటి ఆనవాయితీ కదా.

నిన్న ఆటలో నీళ్లు తగ్గి, వాటి గీత ఎర్రబడింది. అందరూ జబ్బుపడ్డారు, నీ పేరువాడు కూడా. "జనాన్ని తర్వాత పెంచుదువు తియ్యక్కా, ముందు నీళ్ల సంగతి సూడు" అని, నువ్వుంటే తిట్టేవాడివి. ఇక ఎవరినీ ఆ గదిలోకి పంపడం లేదు.

మన నాచారం ఇంటి మీద ఓనరు ఇంకో అంతస్తు లేపాడు. ఉప్పల్ నుంచి రెండు కుటుంబాలు వచ్చి దిగాయి. బోరు మాత్రం పాతదే. నీకు పచ్చకామెర్లు తెచ్చింది ఆ నీళ్లేనని నా అనుమానం. ఈ ఉదయం అవి పసుపచ్చగా వచ్చాయి. ఓనరుకు చూపిస్తే, "జర రెండు బకెట్లు పారబొయ్యమ్మా, మంచిగొస్తయ్" అన్నాడు.

నాకిప్పుడు మూడో నెల. మీ బావ నవ్వుతూ, "నీళ్లకు గింత ఫికరేంది? కొడుకు పుడితే మీ తమ్ముని పేరే పెడదాం" అన్నాడు. నేను సరే అనలేదు.

రెండు బకెట్లూ పారబోశాను చిన్నా. మూడోదీ పసుపచ్చగానే ఉంది.