పైకొచ్చేదాకా వదలకు

ఫిబ్రవరి 11

ఓడ మునిగి రెండు రోజులైంది. ఇంజన్ రూమ్‌లో చిక్కుకున్న ఇద్దరిలో అన్నయ్య బతికాడు. ఇంజన్లకు నూనె పోసే ఆయిలర్ బతకలేదు. ఈరోజు యూనివర్సిటీ డిబేట్ ఫైనల్. నేను వెళ్ళలేదు.

ఫిబ్రవరి 12, ఉదయం పది

లోతు నుంచి ఒక్కసారిగా పైకొచ్చినందుకు అన్నయ్యను ప్రెషర్ ఛాంబర్‌లో ఉంచారు. మనిషి పట్టేంత ఇనుప గొట్టం, దానికి అరచేయంత గుండ్రటి కిటికీ. ఓడతో పాటు కిందికి దిగుతున్నప్పుడే నీటి ఒత్తిడికి రెండు కర్ణభేరులూ చిరిగాయి. లోపలి చెవి కూడా దెబ్బతింది. ఏమీ వినిపించదు. కాగితం మీద రాసి అద్దానికి ఆనిస్తే చదువుతాడు. తన గొంతు తనకే వినబడదు కనుక జవాబు మాత్రం మైకు అదిరేలా అరుస్తాడు. నేను రాసిన మొదటి వాక్యమే పేజీలో సగం ఆక్రమించింది. చిన్నగా రాయవే ప్లీడరమ్మా, నీ వాక్యం పూర్తయ్యేలోపు నన్ను డిశ్చార్జ్ చేసేలా ఉన్నారు అన్నాడు.

నవ్వాను. వెంటనే ఆయిలర్ ఎలా ఉన్నాడని అడిగాడు. కాగితాలు అయిపోయాయని సైగ చేశాను. నా సంచిలో ఇంకా నలభై పేజీలున్నాయి.

ఫిబ్రవరి 14

డాక్టర్‌తో వాదించాను. ఆయిలర్ గజ ఈతగాడు. లోతు ఇరవై మీటర్లే. నీళ్ళు మింగలేదు, రక్షక పడవ పక్కనే తేలాడు. అలాంటి మనిషి ఎలా చనిపోతాడు?

నీకు కోర్టు కావాలా, కారణం కావాలా అంది ఆవిడ. కారణం విన్నాను. ఇద్దరూ గంటన్నరపాటు ఇంజన్ రూమ్ కప్పు కింద చిక్కుకున్న గాలిని పీల్చారు. అంత లోతున ఆ గాలి మూడో వంతుకు అణిగి ఉంటుంది. గుండె నిండా పీల్చి పైకి వస్తే అదే గాలి మూడింతలు అవుతుంది. దారి పొడవునా వదులుతూ రావాలి. బిగబడితే ఊపిరితిత్తి చిరుగుతుంది, బుడగలు నెత్తురులోకి దూరి మెదడుకు చేరతాయి. పడవలోకి లాగాక ఆయిలర్ నాలుగు నిమిషాలు బతికాడట.

అన్నయ్య భుజాన్ని హ్యాచ్ తలుపు అంచు చీల్చింది. ఆ నొప్పికి పైదాకా అరుస్తూనే వచ్చాడు. ఆ అరుపే బతికించిందట.



ఫిబ్రవరి 17

వార్డుకు మార్చారు. ఇప్పుడు స్లేటు మీద మాట్లాడుకుంటున్నాం. ఆయిలర్ మరణవార్తను, దాని కారణాన్ని డాక్టరే రాసి చూపింది. అన్నయ్య స్లేటును ఒళ్ళో బోర్లించాడు. తరువాత తనకు తప్ప వార్డంతా వినబడేలా చెప్పాడు.

నేనే చెప్పానే వాడికి. నిండా పీల్చుకో బావా, పైకొచ్చేదాకా వదలకు, ముందు నువ్వెళ్ళు, వెనకే వస్తా అన్నాను. వాడు బుగ్గలు పూరించి చూపించాడే, ఇంత చాలా అని. ఇంకొంచెం అన్నాను.

ఓడలో ఎవరిని ఎవరైనా బావా అనే పిలుస్తారు.

ఓడ కంపెనీ శిక్షణలో పరీక్ష ఒక్కటే: ఈతకొలనులో మునిగి నిమిషం సేపు ఊపిరి బిగబట్టడం. నెగ్గినవాడికి సర్టిఫికెట్. గట్టున పీల్చిన ఊపిరికి అది సరిపోతుంది. అడుగున పీల్చిన ఊపిరి వేరని వాళ్ళకెవరూ చెప్పలేదు. అన్నయ్య ఆ పరీక్షలో ఫస్ట్.

ఫిబ్రవరి 20

ఎల్లుండి కాక ఆవలెల్లుండి ఓడ ప్రమాదంపై విచారణ. మృతుడు కంగారుపడి ఊపిరి బిగబట్టాడనీ, అది అతని స్వయంకృతమనీ కంపెనీ న్యాయవాది రాశాడు. అన్నయ్యకు వినిపించదు కనుక అతని వాంగ్మూలాన్ని నేను చదవాలి, చదివిందే రికార్డుకెక్కుతుంది. రెండో పేజీ మొదటి వాక్యం: బిగబట్టమని చెప్పింది నేను.

స్లేటు నాలుగుసార్లు నింపి వాదించాను. ఈ ఒక్క వాక్యాన్నే పట్టుకుంటారు, కంపెనీ నీ వెనక దాక్కుంటుంది, ఇక నిన్ను ఏ ఓడా ఎక్కనివ్వరు. రాసింది రాసినట్టు చదువు, నీ తెలివి మధ్యలో దూర్చకు అన్నాడు.

ఫిబ్రవరి 23, సాయంత్రం

ఆ వాక్యం చదవలేదు.

పేజీ తిప్పాను, రెండో వాక్యంతో మొదలుపెట్టాను. నా గొంతు తడబడలేదు. పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న అన్నయ్య, పేజీ తిరగడం చూసి, వెనుక వరుసలో కూర్చున్న ఆయిలర్ భార్య వైపు తిరిగి తల వంచాడు. ఆ వాక్యం ఆ పేజీ మొదట్లోనే ఉందని అతనికి తెలుసు, చదివేశాననుకున్నాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. మర్యాదకు తానూ తల వంచింది.

ఫిబ్రవరి 24

వాంగ్మూలం చదివాక కంపెనీ శిక్షణ లోపభూయిష్ఠమని నేను చేసిన వాదనను మెచ్చుకుంటూ ముగ్గురు ఫోన్ చేశారు.

మార్చి 3

నివేదిక వచ్చింది. శిక్షణలో లోపం. అన్నయ్య ప్రవర్తన ప్రశంసనీయం. ఆయిలర్ కంగారుపడ్డాడు.

అన్నయ్య రెండుసార్లు చదివాడు. నా మాట ఏదే అని అడిగాడు. స్లేటు అందుకుని నా సమర్థన రాయడం మొదలుపెట్టాను. మూడో పంక్తిలో ఉండగానే లాక్కుని అరచేత్తో తుడిచేశాడు.

మార్చి 5

ఆయిలర్ ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు. ఆమె స్కూలు యూనిఫారాలు కుడుతోంది. నేను కూర్చోకముందే అందుకుంది. చూశావా అమ్మాయ్, సర్కారువాళ్ళు కూడా కంగారు మనిషనే రాశారు. నిదానం, నిదానం అని పదేళ్ళు మొత్తుకున్నాను. ఆ ఒక్కరోజు నిదానంగా ఉంటే ఏం పోయేది ఆయనకి? మూడు వారాలుగా ఆయన్ని తిడుతూనే ఉన్నానమ్మా.

బిగబట్టమన్నది అన్నయ్యే అక్కా అని మొదలుపెట్టలేక, ఆయన కంగారుపడలేదు అక్కా అని మొదలుపెట్టాను. అయిదే వాక్యాలు. చివరిది నా గురించి.

మిషన్ ఆగింది. బుగ్గలు పూరించి చూపించాడా అని అడిగింది. అవునన్నాను. అయితే చెప్పింది చెప్పినట్టు చేశాడన్నమాట అంది. దారం తెంపి, నా మాట ఒక్కటీ విన్న పాపాన పోలేదు అంది. అప్పుడు ఏడ్చింది.

ఇదంతా విచారణ ఆఫీసులో కాగితం మీద పెడతావా అంది. పెడతానన్నాను. అన్నయ్యకు మీ మాటగా ఏమని చెప్పను అని అడిగాను. ఏమీ చెప్పకు, ఇక వెళ్ళు అంది.

మార్చి 6

అంతా రాసి విచారణ ఆఫీసులో ఇచ్చేశాను. విచారణ తిరిగి తెరుస్తారట. అన్నయ్య ఓడెక్కే సర్టిఫికెట్ అప్పటిదాకా రద్దు. వాంగ్మూలం దాచినందుకు నామీద కూడా చర్య ఉంటుందని గుమస్తా చెప్పాడు.

మార్చి 7

ఆయిలర్ భార్య ఏమందని అన్నయ్య అడిగాడు.

విన్నది, అని రాశాను.

ఇంకేమైనా రాస్తానేమోనని చాక్‌పీస్ వైపే చూస్తున్నాడు.