గుమ్మం దగ్గర పిలిచిన పేరు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ పిన్నీ బాగున్నాం. అక్కడ నీ నడుం నొప్పి తప్ప మిగతా నువ్వంతా క్షేమమని తలుస్తాను. దుప్పట్లు ఇస్త్రీ చేసే బల్ల ఎత్తు పెంచమని ఆసుపత్రివాళ్ళను అడిగావా? అడిగి ఉండవు. మన ఇంట్లో అడిగే నోరు నాదే కదా.

నీ ప్రశ్నలకు జవాబులు. దగ్గు తగ్గింది. వేళకు తింటున్నాను, తినకపోతే పిన్ని ఊరుకోదు. పుస్తకాలు కాలేజీలోనే దొరికాయి, కొననక్కర్లేదు. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టిందమ్మా. చట్టం పుస్తకాల్లో కొత్త మాట కనబడితే చాలు, నోట్లో వేసుకుని రోజంతా చప్పరిస్తున్నాను. "గైర్హాజరు" అన్న మాట దగ్గర మాత్రం నోరు చేదవుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి, అంటే నీకు, తగిలించిన మాట అది.

ఇక నువ్వు ఆఖర్న అడిగావు, "ఆ కోర్టు గొడవ మనకెందుకే, పోయిన కొట్టు ఎలాగూ పోయింది, నీ చదువు నువ్వు చదువుకో" అని. నువ్వు మర్చిపోగలవేమో. నేను మర్చిపోలేను.

ఆ రోజు మనిద్దరం కోర్టు వరండాలో గోడవారన బల్ల మీద ఉన్నాం. నీ కుట్టు కొట్టు ఖాళీ చేయించాలని ఇంటి ఓనరు వేసిన దావా. గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచే బంట్రోతును అందరూ మైకు అనేవారు. అతను గొంతెత్తితే సైకిళ్ళ స్టాండులో ఉన్నవాడు కూడా పరుగెత్తుకొచ్చేవాడు. అలాంటివాడు గుమ్మంలోకి వచ్చి, మొహం తలుపు చట్రం వైపు తిప్పి, పెదవులు కదిపి లోపలికి వెళ్ళిపోయాడు. ఆవలిస్తున్నాడనుకున్నాను. అది నీ పేరమ్మా. అలాగే మూడుసార్లు. నువ్వు గైర్హాజరని రాసుకుని, కొట్టు ఓనరుకే అని తీర్పిచ్చేశారు.

"నేనిక్కడే ఉన్నానండీ, నన్నెవరూ పిలవలేదండీ!" అని నువ్వు ఎంత మొత్తుకున్నావు!

"మూడుసార్లు పిలిచాను తల్లీ. చెవుల్లో దూది పెట్టుకొచ్చావా?" అన్నాడు. వరండా అంతా నవ్వింది. సాయంత్రం ఓనరు అతని భుజం మీద చెయ్యేసి టీ కొట్టు వెనక్కి తీసుకెళ్ళి, జేబులో కవరు కుక్కడం నేను చూశాను. చిన్నపిల్లని, ఎవరు వింటారు?

ఇప్పుడు వినే రోజు వచ్చింది. ఇదే పద్ధతిలో దెబ్బతిన్న ఇంకొందరు అర్జీలు పెట్టారు. మైకును సస్పెండు చేశారు. విచారణకు వేరే ఊరి నుంచి ఒక జడ్జి మేడమ్‌ను వేశారు. తప్పు రుజువైతే అతని ఉద్యోగం పోతుంది. నీలా ఓడిపోయినవాళ్ళు తమ దావా మళ్ళీ వినమని అడగడానికి దారి దొరుకుతుంది. అందుకే నీకు చెప్పకుండా సాక్షిగా పేరిచ్చాను. తిట్టు, పడతాను.

తిట్లు కొన్ని మిగుల్చుకో. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. చాలాసార్లు రాసి చింపేశాను.

పోయిన సోమవారం విచారణ. చిన్న గది, మేడమ్, ఆమె గుమాస్తా, నేను. గుమాస్తా కాగితాల నకళ్ళు తీయించడానికి వెళ్ళాడు. మేడమ్ ఫైలులోంచి తల ఎత్తకుండానే, "అమ్మాయీ, నువ్వు తలుపు దగ్గరున్నావుగా, అతన్ని పిలువు" అంది.

మైకు వరండా చివర పాత స్నేహితులతో నిలబడి టీ తాగుతున్నాడు. వీపు నా వైపు. నేను గుమ్మంలోకి వెళ్ళాను. మొహం తలుపు చట్రం వైపు తిప్పాను. అతని పేరు పిలిచాను. చీమకు కూడా వినపడనంత మెల్లగా. మూడుసార్లు.

"పిలిచాను మేడమ్. లేడు" అన్నాను.

అమ్మా, అంత తియ్యటి మాట నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. గైర్హాజరని ఆమె రాసుకుంది. అతను లేకుండానే నా సాక్ష్యం తీసుకుంది. కాసేపటికి మైకు పరుగెత్తుకొచ్చాడు. "నేనిక్కడే ఉన్నానండీ! నన్నెవరూ పిలవలేదండీ!" అవే మాటలు, నీ మాటలు. బయట ఎవరో, "ఊరందరినీ పిలిచినోడివి, నిన్ను పిలిస్తే వినపడలేదా గురూ?" అన్నాడు. వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కడుపు చల్లబడింది.

అతను వెళ్తూ నా పక్కనుంచే వెళ్ళాడు. "చూశావా పాపా, ఎంత అన్యాయమో!" అని నాతోనే చెప్పుకున్నాడు. అక్కడ మండిందమ్మా. అతనికి నువ్వు గుర్తులేవు. నేనెవరో తెలియదు. తను చేసింది ఇదేనని తట్టనైనా లేదు. ఉద్యోగం పోయినా ఇంటికెళ్ళి నిజాయితీపరుణ్ణని, అన్యాయమైపోయానని పదిమందికీ చెప్పుకుంటాడు. వాళ్ళు జాలిపడతారు. పైకోర్టుకు వెళ్తే, వినకుండా శిక్షించారని గెలిచి కూడా వస్తాడు. వినకుండా తిన్న దెబ్బ అతనికి సరిపోదు. ప్రతి మాటా అతని చెవిలో పడాలి. చెవులు మూసుకోవడానికి వీల్లేకుండా పడాలి.

మర్నాడు మేడమ్ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది.

"లా చదువుతున్నావా?"

"అవును మేడమ్."

"అతని దగ్గర నేర్చుకున్నావన్నమాట."

తల దించుకున్నాను. విచారణ మళ్ళీ మొదటి నుంచీ అంది. నా సాక్ష్యం కొట్టేసింది. మిగతా అర్జీదారులు ఉన్నారు గానీ, మన సంగతి మాత్రం నా సాక్ష్యంతోపాటే పోతుందట. "ఆ రోజు బల్ల మీద నీ పక్కన ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది. "మా అమ్మ ఉంది" అన్నాను.

ఆ వరండాలో మళ్ళీ కాలు పెట్టనని నువ్వు ఒట్టేసుకున్నావని తెలుసు. నా తొందరపాటుకు నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంటున్నాను. వచ్చే నెల మొదటి సోమవారం సెలవడుగు. ఈ ఒక్కసారి నీ నోటితో నువ్వే అడుగు. వచ్చి అతని ఎదురుగా కూర్చో. అతను నిన్ను గుర్తుపట్టేదాకా చూపు తిప్పకు. ఆ తర్వాతే నోరు విప్పు.

ఇట్లు,
నిన్ను బస్టాండులో తిట్లకు సిద్ధంగా ఎదుర్కోబోయే
నీ కూతురు