సాక్షి సంతకం

ఎల్లారెడ్డి, శనివారం.

వీలునామా రాయించాలని అడిగితే, కాలు పడిపోయిన బాపును బండిలో కామారెడ్డి వకీలు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా కన్నతండ్రే, కానీ మా అమ్మకు తాళి కట్టలేదు. అయినా నా పేరు రాయిస్తాడని ఆశపడ్డాను.

"నోటిమాట చెల్లది, రాసి ఇద్దరు సాక్షులతోని సంతకం పెట్టియ్యాలె. ఒకలు మా గుమస్తా ఉన్నడు. మీకు కొడుకులున్నరా?" అని వకీలు అడిగాడు.

"లేరు. పొలమంత మా తమ్ముని కొడుకుకు రాయుండ్రి. గీడు మా జీతగాడు, సదువొచ్చు. రెండో సాక్షిగ సంతకం పెడ్తడు" అన్నాడు బాపు.

వకీలు నావైపు తిరిగాడు. "నీ తండ్రి పేరేంది?"

బాపు గోడవైపు చూశాడు.

"పేరు తెల్వదు. సచ్చిపోయిండు" అని చెప్పి సంతకం పెట్టాను.

తిరుగు దారిలో బాపుకు దాహమైంది. ఇన్నేళ్లలో మొదటిసారి నన్ను "బిడ్డా" అని పిలిచాడు. నీళ్ల చెంబు నా పక్కనే ఉంది. ఊరు వచ్చేదాకా ఇవ్వలేదు.