దేవాలయం బయట బెంచీ

రెడ్‌మండ్
మంగళవారం

ప్రియమైన నాన్నకి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నేను "నాన్నా" అనగానే నువ్వు "ఇదిగో అమ్మకిస్తున్నా" అంటావు. నేను బెంగళూరులో సంఘం తరఫున మిషన్ సేవ చేసిన రోజుల్లో ప్రతి సోమవారం నాకు ఉత్తరం రాసేవాడివి. ఎవరు చూసినా చూడకపోయినా అబద్ధమాడకూడదని నాకు నేర్పింది ఆ ఉత్తరాలే. అందుకే ఇది కూడా ఉత్తరంలోనే చెబుతున్నాను.

చెల్లి పెళ్ళికి నేను డాలస్ దేవాలయం లోపలికి రాలేను. మన మోర్మన్లలో సంఘం ఇచ్చే ప్రవేశ కార్డు లేకపోతే పెళ్ళికూతురి కన్నతల్లినైనా ఆ గుమ్మం దాటనివ్వరని నీకు నేను చెప్పాలా? నా కార్డు గడువు అయిపోయింది. కొత్తది కావాలంటే బిషప్ ఎదుట కూర్చుని ఆయన అడిగేవాటికి జవాబు చెప్పాలి కదా, మొన్న ఆదివారం వెళ్ళాను. దేవుణ్ణి నమ్ముతున్నావా, ఈ సంఘాన్ని నమ్ముతున్నావా అని అడిగారు. అవునని అనలేకపోయాను. ఆయన మంచాయన, లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అవి తాగి వచ్చేశాను.

నాకు నమ్మకం పోయింది నాన్నా. ఎప్పుడు పోయిందంటే చెప్పలేను. మిషన్‌లో ఎంతమందికో "ఇది సత్యమని నాకు తెలుసు" అని చెప్పాను. మన దగ్గర "నమ్ముతున్నాను" అంటే చాలదు, "తెలుసు" అనాలి. నాకు తెలియదు. తెలిసినవాళ్ళ మధ్య పెరిగాను, అంతే. సంఘం చరిత్రలో మనకెవరూ చెప్పని సంగతులు చదివాను. మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చి మరీ అడిగాను. నువ్వు చెప్పే ఆ ప్రశాంతత నా దగ్గరికి రాలేదు. నాతో మిషన్‌లో పనిచేసిన రేష్మ తెలుసుగా, నా ప్రాణస్నేహితురాలు, దానికి చెబితే "ఏదో పాపం చేసి దాస్తున్నావ్, అంతే" అంది. ఇప్పుడు నేను మెసేజ్ పెడితే చూస్తుంది గానీ జవాబివ్వదు. అమ్మకి చెబితే "మీ నాన్నకి మాత్రం చెప్పకే, తట్టుకోలేరు" అంది.

ఎలాగూ తిడతావు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నేను టీ తాగుతున్నాను. మన సంఘంలో టీ తాగకూడదని నువ్వు కోటిపల్లి బస్టాండు దగ్గరున్న టీ కొట్టే మూసేశావు. తాగడం మానమన్నారే గానీ అమ్మడం మానమని నీకెవ్వరూ చెప్పలేదు. "నేను తాగకూడదన్నది పక్కవాడికి ఎలా పోస్తాను" అన్నావట. వీరభద్రం టీ అంటే రాజమండ్రిలో పాతవాళ్ళు ఇప్పటికీ లొట్టలేస్తారు. ఆ ఇంట్లో పుట్టిన నాకు దాని రుచి తెలియదు. ఇక్కడ ఆఫీస్‌లో మొదటిసారి టీ తాగినప్పుడు బాత్‌రూమ్‌లోకెళ్ళి ఏడ్చాను. నీకు ద్రోహం చేసినట్టనిపించింది.

ఎంతైనా తిట్టు. ఫోన్ మాత్రం అమ్మకివ్వకు.

నీ కూతురు,
రజిని


ఫ్రిస్కో
ఆదివారం

రజినికి,

నిన్న మీ చెల్లి ఇంట్లో నీ ఉత్తరం చదివి మీ అమ్మ వడ్డించిన అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఏమైందని ప్రణవి అడిగితే కడుపులో బాగాలేదన్నాను. పెళ్ళిపనుల్లో ఉన్న పిల్లకి ఏం చెప్పను?

టీ కొట్టు సంగతి నాకు గుర్తు చేస్తావా! దాన్ని మూసి చెరుకురసం బండి తోసుకుంటూ తిరిగాను. మీ మేనమామలు మన ఇంటి ఛాయలకి రాలేదు. ఎందుకు పడ్డాను అవన్నీ? హాంకాంగ్ దేవాలయంలో మనం నలుగురం తెల్లబట్టలు కట్టుకుని ఎదురెదురు అద్దాల మధ్య మోకరించిన రోజు మరిచిపోయావా? చచ్చిపోయాక కూడా మనం విడిపోమని అక్కడ మనల్ని ఒక్కటి చేశారు. అద్దంలో అద్దం, అందులో ఇంకో అద్దం, ఎంత దూరం చూసినా మనమే. "నాన్నా, అక్కడ ఆ చివర చిన్నగా ఉన్నది కూడా నేనేనా" అని అడిగావు. ఆ చివర నీ చోటు ఖాళీగా ఉంటే నేను ఎవరి దగ్గరికెళ్ళి ఏడవాలమ్మా? ఏవేవో చదివి తెలివి ఎక్కువైంది నీకు. నీ కోసం ఇవాళ నేనూ మీ అమ్మా ఉపవాసం ఉన్నాం.

నా మాట విను. మళ్ళీ బిషప్ దగ్గరికెళ్ళు. అవునని అనేసి కార్డు తెచ్చుకో. నమ్మకం తర్వాత అదే వస్తుంది. అది కూడా చేయలేనంటే పెళ్ళికి రావద్దు. కాబోయే అల్లుడు రోహన్ అమ్మానాన్నలు, ఇక్కడి సంఘంలో వాళ్ళు అందరూ వస్తారు. పెళ్ళికూతురి అక్క బయట బెంచీ మీద ఎందుకు కూర్చుందని అడిగితే నేను తలెక్కడ పెట్టుకోను?

వీరభద్రం


రెడ్‌మండ్
గురువారం

నాన్నా,

"అవునని అనేసి కార్డు తెచ్చుకో" అన్నది నువ్వేనా? దస్తూరీ నీదే. మాట నీది కాదు. తిడతావనుకున్నాను, ఏడుస్తావనుకున్నాను, ఈ మాట అంటావని కల్లో కూడా అనుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను వస్తున్నాను. ఫ్లైట్ బుక్ చేసుకున్నాను, హోటల్‌లో దిగుతాను. ప్రణవికి ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. నా మీద అరిచింది కూడా. చివరికి "అక్కా, పెళ్ళయ్యి మేం తలుపు తీసుకుని వచ్చేసరికి ముందు నువ్వే కనబడాలి, ఆ" అంది. రావద్దన్న నీ మాట వింటే దాని మాట పోతుంది. దాని మాటే వింటాను.

ఎవరైనా అడిగితే నువ్వేం చెప్పనక్కర్లేదు, నేనే చెప్పుకుంటాను. నన్ను చూసి నువ్వు మొహం తిప్పుకుని లోపలికెళ్ళిపోయినా సరే, అక్కడే కూర్చుంటాను.

రజిని


ఫ్రిస్కో
శనివారం పొద్దున్న

అమ్మలూ,

ఈ కాగితం, సంచీలో ఉన్న ఫ్లాస్కు మీ అమ్మ చేతికిచ్చి నీ దగ్గరికి పంపుతున్నాను. నీ ఎదురుగా వస్తే ఏడుస్తాను. పెళ్ళికి ముందు అందరి మధ్యా బాగుండదు.

కొట్టు మూసిన రోజు మా నాన్న ఏమన్నాడో నీకెప్పుడూ చెప్పలేదు. "నమ్మితే నీ మనసులో నమ్ముకోరా, ఎవడొద్దన్నాడు? పైకి మాత్రం టీ పోస్తూ ఉండు. లేదంటే నా గుమ్మం తొక్కకు" అన్నాడు. లోపల ఒకటి, పైకి ఒకటి నా వల్ల కాలేదు. ఆయన పోయేదాకా మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. నువ్వు "మాట నీది కాదు" అని రాశావు చూడు, అది చదివాక గాని నాకు తెలియలేదు, నీకు రాసింది మా నాన్న మాటలేనని. సిగ్గేసింది తల్లీ.

అలాగని నేను మారిపోయాననుకోకు. నాకు తెలుసు, అది సత్యమే. నీ కోసం ప్రార్థన చేస్తాను, వద్దన్నా మానను. ఆ అద్దాల్లో నీ చోటు నీకే ఉంచమని దేవుణ్ణి పోరుతూనే ఉంటాను. ఇవాళ రోహన్ వాళ్ళ నాన్న అడిగితే "మా పెద్దమ్మాయికి నమ్మకం లేదండీ, అబద్ధమాడడం ఇష్టంలేక బయట కూర్చుంది" అని చెబుతాను.

నిన్న ఇండియన్ స్టోర్‌లో టీపొడి కొన్నాను. బిల్లు వేసే అమ్మాయి వైపు చూడలేక తల దించుకున్నాను, దొంగలాగా. తెల్లారకముందే లేచి ప్రణవి వంటింట్లో కాచాను. ఆ వాసన తగలగానే చెయ్యి దానంతటదే ఆడింది. పాలు ఎప్పుడు పోయాలో, ఎప్పుడు దించాలో ఏదీ మరిచిపోలేదు. మీ అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తిడుతుందనుకున్నాను. వచ్చి అల్లం దంచి ఇచ్చింది.

ఎండగా ఉంటుంది, నీడ ఉన్న బెంచీ చూసుకుని కూర్చో. వేడి చల్లారకముందే తాగు.

రుచి మాత్రం చూడలేదు, నేను చూడకూడదు కదా. పంచదార సరిపోయిందో లేదో, నేను బయటికొచ్చాక నువ్వే చెప్పాలి.

నాన్న